మైకు ముందు మైకమ్మ

సూట్‌కేసు గుమ్మంలో ఉంది. దాని మీద అత్తగారు కూర్చుని ఉన్నారు.

మోకాళ్ళు దగ్గరగా చేర్చి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, వీధి వైపు చూస్తూ, బస్సు కోసం వేచి ఉన్న ప్రయాణికురాలిలా నిబ్బరంగా కూర్చున్నారు. ఆ ఉదయం ఆ ఇంట్లో మనశ్శాంతితో ఉన్నది ఆవిడ ఒక్కరే. మిగిలిన ముగ్గురూ ఆవిడ కోసం పోట్లాడుకుంటున్నారు.

"అమ్మా, లేమ్మా. టాక్సీ వచ్చింది," అంది ఆడపడుచు.

"ఏ టాక్సీ?"

"మనదే. అదిగో, బయట ఆగి ఉంది."

"ఆగితే ఆగనీ. ఎనౌన్స్‌మెంట్ కాలేదుగా," అన్నారు అత్తగారు, చంటిపిల్లకు నచ్చచెప్పినట్టు.

ఆడపడుచు తిరిగి వదిన వైపు చూసింది. ఈ పాఠం నువ్వే నేర్పావు కదూ అన్నట్టుంది ఆ చూపు. కోడలు తలెత్తకుండా బట్టలు మడతపెడుతూ ఉండిపోయింది.

నిజానికి ఎవరూ నేర్పలేదు. ఊరి బస్టాండులో మైకు ముందు కూర్చుని, తల నెరిసేదాకా బస్సులను సాగనంపిన మనిషి ఆవిడ. ఊళ్ళో సగం మందికి ఆవిడ అసలు పేరు తెలియదు. మైకమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. ఇప్పుడు మతిమరుపు జబ్బు వచ్చి ఆవిడలోంచి ఒక్కొక్కటే పట్టుకుపోతోంది. కొడుకు పేరు పట్టుకుపోయింది. స్నానాలగది దారి పట్టుకుపోయింది. అన్నం తిన్నామా లేదా అన్న సంగతి రోజూ పట్టుకుపోతుంది. బస్టాండు జోలికి మాత్రం ఇంకా రాలేదు.

"నీతోనే వదినా. మా అమ్మ ఫొటో ఊరంతా అతికించేముందు నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

"ఊరంతా ఎక్కడ బుజ్జమ్మా? లైబ్రరీ తలుపుకొకటి, మీ అన్నయ్య దుకాణం అద్దానికొకటి."

"నా ఫోనుకొచ్చింది. మా ఆఫీసులో పక్క సీటావిడ ఫోనుకీ వచ్చింది. 'జ్ఞాపకం జారిపోతున్నవాళ్ళకు తోడుగా నడుద్దాం, మైకు దగ్గర మన మైకమ్మ.' నడిచేవాళ్ళు నడవండి, కాదన్నానా? మధ్యలో మా అమ్మ ఎందుకు? ఆవిడ నలుగురిలో ఏదో ఒకటి అంటే నవ్వుకోవడానికా?"

ఇంటాయన కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఆయనది కళ్ళద్దాల దుకాణం. ఇంట్లో తగాదా ఎంత ముదిరిందో తెలుసుకోవాలంటే మాటలు వినక్కర్లేదు, ఆయన అద్దాలు ఎంత తళతళలాడుతున్నాయో చూస్తే చాలు.

"అది కాదే బుజ్జీ…"

"నువ్వు మాట్లాడకన్నయ్యా. నువ్వు మాట్లాడితే ఎవరి వైపో నాకూ తెలియదు, నీకూ తెలియదు."

ఆయన రెండో అద్దం అందుకున్నారు.

"మా ఊళ్ళో నా ఫ్లాట్‌లో గది సర్దించాను," అంది ఆడపడుచు. ఈసారి గొంతు కాస్త తగ్గింది. "రాత్రీ పగలూ చూసుకోవడానికి ఆయాను మాట్లాడాను. గది తలుపుకి బయటివైపు గొళ్ళెం పెట్టించాను. వీధిలోకి వెళ్ళిపోతోందని నువ్వే కదా ఫోన్లో ఏడ్చావు? నీ మంచికే చేస్తున్నాను వదినా. కాస్త నిద్రపో."

కోడలి చేతిలో తువ్వాలు సగం మడతలో ఆగింది.

గొళ్ళెం అన్న మాట దగ్గర కోపం వచ్చింది. నిద్ర అన్న మాట దగ్గర ఆ కోపం కాళ్ళు ముడుచుకుని కూలబడింది. ఒక్క రాత్రి, తలుపు చప్పుడు కోసం చెవి తెరిచి పెట్టుకోకుండా, ఒళ్ళు తెలియకుండా పడుకోవడం. అది తలుచుకుంటే ఆమెకు నోరూరినంత పనైంది. పంపించెయ్, అంది లోపల ఒక గొంతు. సిగ్గులేదూ, అంది ఇంకోటి. రెండూ తన గొంతులే కావడంతో ఎవరినీ తిట్టే వీలు లేకపోయింది.

ఈ రెండు గొంతులనూ బయట పెట్టుకోవడానికి ఊళ్ళో ఒకే ఒక్క చోటుంది. మూతబడ్డ ఫర్నిచర్ దుకాణంలో నర్సమ్మ నడిపే సాయసంఘం. దానికి పెద్ద పేరేదో ఉంది గానీ అందరూ మధ్యాహ్నం ఇల్లనే అంటారు. ఆస్పత్రిలో నర్సుగా రిటైరై, మతిమరుపు వచ్చిన భర్తను చివరిదాకా చూసుకున్న మనిషి నర్సమ్మ. ముందుగదిలో జబ్బు మనుషులు పాటలు పాడుకుంటూ, బొత్తాలు రంగుల వారీగా ఏరుకుంటూ కూర్చుంటారు. వెనకగది, వాళ్ళను చూసుకునేవాళ్ళది. ఆ గదికొక కట్టుబాటు ఉంది. వచ్చినవాళ్ళు ముందుగా తమ మనిషిని కడుపారా తిట్టాలి. వినేవాళ్ళు సలహా ఇవ్వకూడదు. సలహా ఇచ్చినవాళ్ళే ఆ పూట టీ కప్పులన్నీ కడగాలి. కోడలు మొదటిరోజున అందరికీ సలహాలిచ్చి సింకు నిండా కప్పులు కడిగింది. రెండోసారి వెళ్ళినప్పుడు తిట్టింది. ఆ రోజు ఇంటికొచ్చి అత్తగారి తల ఎంతో ప్రేమగా దువ్వింది.

వారానికి రెండు మధ్యాహ్నాలు చాలడం లేదు. రోజూ తెరవాలంటే మనుషులు కావాలి. ఒక పూట ఎవరో ఒకరి ఇంటికి వెళ్ళి, ఆ ముసలాయనతోనో ముసలావిడతోనో కబుర్లు చెబుతూ కూర్చునే మనుషులు. వాళ్ళ కోసమే ఈ నడక. పోయిన ఏడాది కూడా పెట్టారు. నడిచినవాళ్ళకంటే మిగిలిన నీళ్ళసీసాలు ఎక్కువ. అందుకే ఈసారి కోడలికి ఆ ఆలోచన వచ్చింది. ఊరు మొత్తం ఒక్క గొంతు మాట వింటుంది. ఆ గొంతు మా ఇంట్లోనే ఉంది.

"అమ్మా, నేను ఎనౌన్స్ చేస్తే ఎక్కుతావా?" ఆడపడుచు చివరికి దిగొచ్చింది. గొంతు సవరించుకుంది. "టాక్సీ రెడీగా ఉంది. అందరూ ఎక్కండి."

అత్తగారు ఆమెను కిందినుంచి పైదాకా చూశారు.

"కొత్తా?"

"ఏంటమ్మా?"

"డ్యూటీకి కొత్తా అంటున్నాను. 'దయచేసి వినండి' లేదు. ఎక్కడికి వెళ్ళేదో లేదు. ఒక్కసారే చెప్పావు. చెవిటివాళ్ళు, చంటిపిల్లల తల్లులు ఉంటారు, రెండుసార్లు చెప్పాలి. ఎవరిచ్చారమ్మా నీకు మైకు?"

ఇంటాయన దగ్గారు. అది దగ్గు కాదని ముగ్గురికీ తెలుసు.

ఆడపడుచు ముఖం ఎర్రబడింది. ఒక బ్యాంకులో వందమంది మీద అజమాయిషీ చేసే మనిషి. "వదినా, నువ్వు చెప్పు. నువ్వు చెబితే వింటుంది."

"నేనా?"

"నువ్వే. నీళ్ళు పోసుకోవడానికీ తినడానికీ కూడా ఇలాగే పిలుస్తావటగా."

అది నిజమే. కోడలు రోజూ 'స్నానాలగదికి వెళ్ళు సర్వీసు' ఎనౌన్స్ చేస్తుంది. ఆలస్యంగా నడిచే సర్వీసు అదొక్కటే. ఆమె తువ్వాలు పక్కన పెట్టింది. వీధిలో టాక్సీ ఇంజను గురగురమంటోంది. గోడ గడియారం వైపు చూసింది. మధ్యాహ్నం ఇంటి దగ్గర ఈపాటికి మైకు కట్టేసి ఉంటారు. నర్సమ్మ గుమ్మంలో నిలబడి వీధి చివరికంటా చూస్తూ ఉంటుంది.

కోడలు నిటారుగా నిలబడింది. గొంతు తేనెలా వచ్చింది.

"ప్రయాణికులు దయచేసి వినండి. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళు టాక్సీ, గుమ్మం ముందు సిద్ధంగా ఉన్నది. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళు టాక్సీ, గుమ్మం ముందు సిద్ధంగా ఉన్నది."

అత్తగారు లేచారు. చేతిసంచి భుజాన వేసుకుని, మెట్లు దిగి, డ్రైవరుకి తలూపి, ముందుసీట్లో కూర్చున్నారు. తలుపు కూడా తనే వేసుకున్నారు.

"వదినా," అంది ఆడపడుచు. పళ్ళ మధ్యనుంచి వచ్చింది ఆ మాట.

"చెప్పమన్నావు. చెప్పాను."

"నేను చెప్పమన్నది మా ఊరు."

"ఏ ఊరో నువ్వు చెప్పలేదు బుజ్జమ్మా. ఎక్కడికి వెళ్ళేదో చెప్పాలని అత్తయ్య ఇప్పుడేగా అన్నారు."

ఎక్కినావిడను దింపడం మనుషులవల్ల అయ్యే పని కాదు. చేరాల్సిన చోటు చేరకుండా ఆవిడ దిగరు. ఆడపడుచు సూట్‌కేసును తనే ఈడ్చుకెళ్ళి డిక్కీలో పడేసింది. "అక్కడొక్క గంట. ఆ తర్వాత అటునుంచటే తీసుకుపోతాను. ఈలోగా ఒక్కడు మా అమ్మను చూసి నవ్వినా ఆ నిమిషమే బయల్దేరతాను. ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకున్నట్టే," అన్నారు ఇంటాయన. ఆ ఉదయం ఆయన పూర్తిచేసిన మొదటి మాట అది. ఎవరి వైపో ఈసారీ తెలియలేదు.

* * *

మధ్యాహ్నం ఇంటి ముందు మెట్ల మీద ఒక బల్ల, బల్ల మీద మైకు, దాని వెనక కుర్చీ. దీపస్తంభాలకు లౌడ్‌స్పీకర్లు కట్టారు. మార్కెట్ మలుపుదాకా వరసగా ఉన్నాయి.

జనం ఫరవాలేదు. ఫరవాలేదంటే, వెనకగదిలో తిట్టుకునేవాళ్ళంతా వచ్చారు, వాళ్ళు తిట్టే మనుషులూ వచ్చారు. ఓ పదిమంది కాలేజీ పిల్లలు, ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు. నర్సమ్మ వాళ్ళను పైకీ కిందకీ లెక్కపెట్టి, ఎటునుంచి లెక్కపెట్టినా అంతే ఉండడంతో నిట్టూర్చింది.

"వచ్చావా తల్లీ. పెద్దావిడ ఎలా ఉన్నారివాళ?"

"డ్యూటీ మూడ్‌లో ఉన్నారు. వెనకాల వస్తున్నది మా ఆడపడుచు. కాస్త చూసి మాట్లాడండి, కరుస్తుంది."

నడక దారి ఎడమవైపు, ఏటిగట్టు మీదుగా. నీడ ఉంటుంది, బళ్ళు తిరగవు. నీళ్ళబల్లలు, మందులపెట్టె, ట్రాఫిక్ పోలీసు, అన్నీ అటే పెట్టారు. లైబ్రేరియన్‌గారు అత్తగారు చదవాల్సిన నాలుగు ముక్కలు పెద్ద అక్షరాలతో రాసి బల్ల మీద ఉంచారు.

అత్తగారు కుర్చీలో కూర్చున్నారు. కాగితం చూశారు. మడిచి, చేతిసంచిలో వేసుకున్నారు.

లైబ్రేరియన్‌గారు నోరు తెరిచారు. నర్సమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

అత్తగారు మైకు వైపు చూస్తూ ఉండిపోయారు. చూస్తూనే ఉన్నారు. జనం అటూ ఇటూ కదిలారు. కాలేజీ పిల్ల ఒకతి పక్క పిల్ల చెవిలో ఏదో అంది. టాక్సీకి ఆనుకుని నిలబడ్డ ఆడపడుచు చేతులు కట్టుకుంది. ఇంటాయన చెయ్యి కళ్ళద్దాల మీదికి వెళ్ళింది.

ఇది కూడా పట్టుకుపోయిందా, అనుకుంది కోడలు. ఇవాళే, ఇంతమంది ముందు, నా మూలాన?

అప్పుడు అత్తగారు చూపుడువేలి గోటితో మైకును రెండుసార్లు తట్టారు. వీధి పొడుగునా టక్ టక్ మని మోగింది. వెన్ను నిటారుగా అయింది. గడ్డం కాస్త పైకి లేచింది. రోజూ ఆ ఇంట్లో చెప్పులు ఎక్కడ అని అడిగే గొంతు ఎక్కడికో వెళ్ళిపోయి, దాని చోట్లోకి ఇంకోటి వచ్చింది. నిండుగా, తాపీగా, తిరుగులేకుండా.

"ప్రయాణికులు దయచేసి వినండి. ఏటిగట్టు మార్గము మరమ్మత్తులో ఉన్నందున, నడిచి వెళ్ళు ప్రయాణికులందరూ కుడివైపు, మార్కెట్ వీధి మీదుగా బయలుదేరవలసినది. మార్కెట్ వీధి మీదుగా బయలుదేరవలసినది."

జనం కుడివైపు తిరిగి నడవడం మొదలుపెట్టారు.

ఎవరూ అడగలేదు. ఎవరూ ఆలోచించలేదు. ఆ గొంతు కుడి అంటే ఊరు కుడికి తిరిగి చాలా ఏళ్ళయింది, కాళ్ళకు ఆ అలవాటు అలాగే ఉండిపోయింది. లైబ్రేరియన్‌గారు, దారి గీసిన మనిషి, ఆయన కూడా నాలుగడుగులు కుడికి వేశాక ఆగి తలపట్టుకున్నారు.

"అయ్యో, నా నీళ్ళబల్లలు," అంది నర్సమ్మ. "పోలీసు అటున్నాడు. మందులపెట్టె అటుంది."

"ఆపనా?" అంది కోడలు.

"ఎవరిని ఆపుతావు? ఆవిడనా?" నర్సమ్మ నడుముకి కొంగు బిగించి, నీళ్ళసీసాల డబ్బా ఒకటి నెత్తినెత్తుకుని కుడివైపు పరుగెత్తింది. ఇంటాయన ఇంకో డబ్బా ఎత్తుకుని ఆమె వెనక పరుగెత్తారు. ఆయన పరుగెత్తడం కోడలు చూడడం పెళ్ళయ్యాక అదే మొదలు.

ఎదురుగా వస్తున్న టౌన్ బస్సు ఒకటి జనాన్ని చూసి ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. జుట్టు నెరిసినవాడు. చెవి ఒగ్గి విన్నాడు. ముఖం వెలిగిపోయింది.

"మైకమ్మగారేనా అది? అమ్మా, నన్నెప్పుడు వదుల్తారు?" అని కేకేశాడు.

"జనము దాటువరకు టౌన్ సర్వీసు నిలిచి ఉండవలసినది," అన్నారు అత్తగారు మైకులో, అటు చూడకుండానే.

అతను ఇంజను ఆపేసి దణ్ణం పెట్టినట్టు స్టీరింగు మీద రెండు చేతులూ ఉంచాడు. బస్సులోని వాళ్ళు కాసేపు చూశారు. తర్వాత ఒకరొకరే దిగి నడిచేవాళ్ళలో కలిశారు.

కోడలి ఫోను మోగింది. ఇంటాయన.

"వినబడుతోందా?" అరుస్తున్నారు. ఆయనకు అరవడం వచ్చని కూడా ఆమెకు ఇవాళే తెలిసింది. "మార్కెట్‌లో ఉన్నాం. దుకాణాలవాళ్ళు బయటికొస్తున్నారు. మైకమ్మ గొంతు, మైకమ్మ గొంతు అంటున్నారు. ఒకాయన సగం గడ్డం గీయించుకుని, మిగతా సగానికి నురగతోనే మాతో నడుస్తున్నాడు. పళ్ళబండి ఆయన బండి తోసుకుంటూ వస్తున్నాడు. నువ్వు చూడాలోయ్."

"ఎంతమందున్నారు?"

"వెనక్కి చూస్తే చివర కనబడటం లేదు," అన్నారు కళ్ళద్దాల దుకాణం యజమాని.

కోడలు ఫోను గుండెలకు ఆనించుకుని నిలబడింది. నవ్వొస్తోంది, గెంతాలనిపిస్తోంది, ఈ వయసులో గెంతితే మోకాళ్ళు ఊరుకోవు కాబట్టి ఊరుకుంది.

"చూశావా బుజ్జమ్మా? ఒక్కరు నవ్వారా?"

ఆడపడుచు తల్లినే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటేనే బాగుండేది, దానికి బదులు చెప్పడం కోడలికి అలవాటే.

"నీకు అర్థం కాదులే వదినా," అంది కాసేపటికి. "మీ అందరికీ మైకమ్మ. ఆ గొంతు మా ఇంట్లో ఎప్పుడూ వినబడలేదు. రోజంతా అక్కడ వాడేసి వచ్చేది. ఇంటికొచ్చాక గొంతుకి విశ్రాంతి అని సైగలే. అన్నం పెట్టనా, సైగ. చదువుకో, సైగ. తెల్లారితే మళ్ళీ బస్టాండు. నాకూ అన్నయ్యకూ జ్వరమొచ్చినా సైగలే. నాకు మా అమ్మ మాటలు వినాలనిపిస్తే ఏం చేసేదాన్నో తెలుసా? బడి నుంచి బస్టాండు మీదుగా తిరిగొచ్చేదాన్ని."

కోడలి నోట్లోంచి సలహా ఒకటి రాబోయింది. కప్పులు గుర్తొచ్చి మింగేసింది.

"ఇప్పుడన్నా నా దగ్గర, నా గదిలో, నాతో మాట్లాడుతుందని," అంది ఆడపడుచు. "అంతే. గొళ్ళెం సంగతి నువ్వు వేరేగా అనుకున్నావు."

అందుకా, అనుకుంది కోడలు. ఇన్నాళ్ళూ ఈవిడ నా తప్పులు పట్టడానికి వస్తోందనుకున్నాను.

లౌడ్‌స్పీకర్లు గరగరమన్నాయి.

"ప్రయాణికులు దయచేసి వినండి. బుజ్జమ్మ అను ఆరేళ్ళ పాప, పచ్చ గౌను వేసుకున్నది, ఒక కాలికి చెప్పు లేదు. తప్పిపోయినది. పాపా, నువ్వు ఎక్కడున్నా ఏడవకు. ఈ మాట వినిపించే వైపు నడిచి రా. ఈ మాట వినిపించే వైపు నడిచి రా."

ఆడపడుచు ఉన్నచోటే బిగుసుకుపోయింది.

"బుజ్జమ్మా?" అంది కోడలు.

"ఆ రోజు ఒక పోర్టరు తీసుకొచ్చాడు నన్ను," అంది ఆడపడుచు, తనలో తను చెప్పుకున్నట్టు. "బస్టాండు వరండాలన్నీ తిరిగాను ఏడుస్తూ. అమ్మ రాలేదు. మైకు వదిలి ఒక్క అడుగు వెయ్యలేదు. ఇన్నేళ్ళూ అది నేను…" మాట పూర్తికాలేదు. మెట్లెక్కి మైకు దగ్గరికి వెళ్ళింది. కోడలు వెనకే వెళ్ళింది.

అత్తగారు మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి తలెత్తారు. "విచారణ ఆ పక్క కిటికీలోనమ్మా."

"ఆ పాప గురించే వచ్చాను."

"కనిపించిందా?" అత్తగారి చెయ్యి చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది. "పచ్చ గౌను. జుట్టు సరిగ్గా దువ్వించుకోదు."

"కనిపించింది. క్షేమంగా ఉంది. మీరు… మీరెందుకు వెళ్ళి వెతకలేదు?"

అత్తగారు ఆమెను జాలిగా చూశారు. ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

"నేను లేచి వెళితే మైకు ఆగిపోతుందమ్మా. మైకు ఆగిపోతే అది ఎటు రావాలి?"

ఆడపడుచు బల్ల పట్టుకుంది.

టాక్సీ డ్రైవరు మెట్ల కిందికొచ్చి గడియారం చూపించాడు. "అమ్మగారూ, గంట దాటింది. బయల్దేరదామా?"

అత్తగారు మైకు వైపు వంగారు. "టాక్సీ సర్వీసు ఈ దినము రద్దు చేయడమైనది. రద్దు చేయడమైనది."

"రద్దా?" అన్నాడు డ్రైవరు, లౌడ్‌స్పీకరునే అడుగుతూ.

కోడలు పెదవి కొరుక్కుంది. ఆడపడుచు ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియడం లేదు. రెండూ ఒకేసారి వస్తున్నాయి, ముక్కులోంచి వింత చప్పుడొస్తోంది.

ఇంతలో వీధి మలుపు దగ్గర హోరు. నడిచినవాళ్ళు తిరిగొస్తున్నారు. కోడలు మెట్ల మీదనుంచి మునివేళ్ళ మీద లేచి చూసింది. వీధి ఈ కొసనుంచి ఆ కొసకు నిండిపోయింది. నురగ గడ్డం ఆయన ముందున్నాడు. పళ్ళబండి ఖాళీగా ఉంది, దాని మీద ముగ్గురు ముసలివాళ్ళు కూర్చుని ఊరేగుతున్నారు. నర్సమ్మ జనం మధ్యనుంచి రెండు చేతులూ ఊపుతోంది.

"తల్లీ, పేర్లు ఇచ్చేస్తున్నారు. ఒక పూట వస్తామంటున్నారు, ఇప్పుడే రమ్మన్నా వస్తామంటున్నారు. రెండు గదుల తలుపులూ తెరువు."

కోడలు లోపలికి పరుగెత్తింది. గొళ్ళాలు లాగింది, తలుపులు బార్లా తెరిచింది. జనం గలగలమంటూ లోపలికి వచ్చిపడ్డారు. బస్సు డ్రైవరు తన వంతు శుక్రవారమని ముందే చెప్పేసి బండి తీసుకెళ్ళాడు. ఒకావిడ తనకు మాటలు రావుగానీ అల్లిక వచ్చునంది, అదే కావాలంది నర్సమ్మ. ఆ సందడిలో కోడలు ఒకళ్ళకు కుర్చీ, ఇంకొకళ్ళకు కలం అందిస్తూ, ఇదంతా తను చేసిందే అన్న సంతోషంలో తల తిరుగుతూ ఉండగా, లౌడ్‌స్పీకర్లోంచి వస్తున్న గొంతు మారిందని ఆలస్యంగా గమనించింది.

సన్నగా ఉంది. వణుకుతోంది.

"ప్రయాణికులు… దయచేసి వినండి. బుజ్జమ్మ అను పాప…"

కోడలు వాకిట్లోకి వచ్చింది. మైకు ఆడపడుచు చేతిలో ఉంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ముఖం మాత్రం వెలుగుతోంది.

"నాకిచ్చింది వదినా," అంది మైకును పక్కకు తిప్పి. "నా చేతికి మైకు ఇచ్చింది. 'నువ్వు చెబుతూ ఉండు, ఆపకు' అంది. ఇలాంటి మాట నాతో ఎప్పుడూ అనలేదు."

"అత్తయ్యేరి?"

"ఇక్కడే, కుర్చీలో…"

కుర్చీ ఖాళీగా ఉంది. చేతిసంచి లేదు.

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. మైకు దగ్గర ఇప్పుడు మనిషుంది. కాబట్టి ఆవిడ వెతకడానికి వెళ్ళారు.

మెట్ల కింద వీధి నిండా తలలు. నెరిసిన తలలే ఎన్నో. ప్రతిదీ అత్తగారిదిలాగే ఉంది, ఏదీ కాదు. ఆ తలల అవతల మార్కెట్, అటుపైన పెద్ద రోడ్డు. టౌన్ బస్సు ఉండవలసిన చోట లేదు.

ఆడపడుచు మైకు బల్ల మీద పడేసి మెట్లు దిగబోయింది. కోడలు ఆమె భుజం పట్టుకుని వెనక్కి లాగింది.

"నువ్వు కాదు. నేను వెళతాను. నువ్వు మైకు ఆపకు బుజ్జమ్మా. ఆపితే ఆవిడ ఎటు రావాలి?"

అని, జనంలోకి దూకేసింది. మోచేతులతో దారి చేసుకుంటూ, ఇంటాయనను పేరుపెట్టి కేకేస్తూ, పెద్ద రోడ్డు వైపు పరుగెత్తింది. వెనకనుంచి కాసేపు ఏమీ వినబడలేదు. గరగర మాత్రమే. చెప్పవే తల్లీ, చెప్పు, అనుకుంది.

అప్పుడు దీపస్తంభాల మీదనుంచి, ఊరంతటికీ వినిపించేలా, ఒక గొంతు పగిలి, సర్దుకుని, నిలదొక్కుకుంది.

"అమ్మా. నేను బుజ్జమ్మను. పచ్చ గౌను పాపను. నేను వచ్చేశానమ్మా, ఇక్కడే ఉన్నాను. ఈ మాట వినిపించే వైపు నడిచి రా."